చేపలకి మూడు రోజులు

కావుంగా, న్ఖాటా బే
1998 మే 12

నా ఉసిపా చేపపిల్లా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పొయ్యి మీద ఏదైనా ఉంటే దించేసి చదువు.

నీ తమ్ముడు వనంగ్వ పోయాడు తల్లీ. ఏప్రిల్ 26, ఆదివారం. సోమవారం పొద్దున్నే పాతిపెట్టాం. జోహన్నెస్‌బర్గ్ బస్సు డ్రైవరుకి చెప్పి కబురు పంపాను. ఆ బస్సు దారిలో చెడిపోయి నాలుగు రోజులు ఆగిపోయిందట. అక్క రాలేదేం అని ఒకరిద్దరు అన్నారు. నేను ఊరుకోలేదు. "అదేమన్నా కొంగా, రెక్కలు కట్టుకుని ఎగిరి రావడానికి?" అన్నాను.

ఎలా జరిగిందో రాస్తాను. నేను చదివింది మూడో తరగతి, నా రాత నీకు తెలుసు. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

వాడి పని నీకు తెలిసిందే. కంపెనీ పడవలో గాలి మిషను ఉంటుంది. దాని గొట్టం నోట్లో పెట్టుకుని సరస్సు అడుక్కి దిగి, రాళ్ళ సందుల్లోంచి మన ఎంబునా చేపల్ని వలలోకి తోలి పట్టడం. దూర దేశాలవాళ్ళు వాటిని అద్దాల పెట్టెల్లో పెట్టుకుని చూస్తారంటే మనిద్దరం ఎంత నవ్వుకునేవాళ్ళం. లోతులో పట్టిన చేపని ఒక్కసారిగా పైకి తేకూడదు. పొట్ట ఉబ్బి చచ్చిపోతుంది. చిల్లుల డ్రమ్ములో పెట్టి, మూత బిగించి, రోజుకి కొన్ని బారల చొప్పున తాడుతో పైకి లాగుతారు. మూడు రోజులు పడుతుంది. చేప మెల్లమెల్లగా అలవాటు పడుతూ వస్తుంది.

ఆ ఆదివారం కంపెనీ పని లేదు. మిషను అడిగి తెచ్చుకుని వీడూ, పడవలో వీడి జతగాడు విన్‌ఫర్డూ ఇద్దరే వెళ్ళారు. నేను చర్చి నుంచి వచ్చేసరికే వెళ్ళిపోయారు. తర్వాత సంగతి విన్‌ఫర్డ్ చెప్పాడు. వాడు నా కాళ్ళ దగ్గర కూర్చుని నేల చూస్తూ చెప్పాడు.

"పెద్దమ్మా, ఇరవై అయిదు బారలు దిగాడు. మేమెప్పుడూ పది దాటం. వద్దురా అన్నా. అది అక్కడే ఉంటదిరా అన్నాడు. పైన మిషను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. గొట్టం మూడుసార్లు లాగా, వచ్చెయ్యమని. ఒక్క ఊపున పైకొచ్చేశాడు. పడవెక్కి నవ్వాడు కూడా. దొరికాయిరా అన్నాడు. తర్వాత కాళ్ళు తిమ్మిరెక్కాయన్నాడు. ఊపిరాడట్లేదన్నాడు. ఒడ్డున బట్టలుతికేవాళ్ళు కనపడుతున్నారు పెద్దమ్మా, అంత దగ్గర..."

చేపలకి మూడు రోజులు ఇస్తారు. నా బిడ్డకి ఒక్క ఊపు.

నీలం ఒళ్ళు, నారింజ రంగు వీపు రెక్క ఉండే చేప కోసం దిగాడట. ఎవరడిగారు? కంపెనీ మేనేజరు, మేమెవరం అలాంటిది అడగలేదు అంటాడు. అబద్ధం. అడక్కుండా వాడెందుకు దిగుతాడు? విన్‌ఫర్డ్‌ని గుచ్చిగుచ్చి అడిగాను. "ఎవరికిరా అంటే నవ్వి ఊరుకున్నాడు పెద్దమ్మా" అంటాడు.

గోతిలో మట్టి వేయబోతుంటే నేను లేచి ముందుకెళ్ళాను. అందరూ వినేలా అన్నాను. "ఈ చేప మీద ఎవరి కన్ను పడిందో, ఆ మనిషికి గొంతులోంచి ముద్ద దిగకూడదు." చర్చి పెద్ద నా చెయ్యి పట్టుకుని లాగాడు. "న్యాలోంగ్వె, ప్రార్థన చేసే నోరు అది, అలాంటి మాటలా" అన్నాడు. "కొడుకూ నాదే, నోరూ నాదే" అన్నాను. తెరిచిన గోతి మీద తల్లి అన్న మాట ఊరికే పోదని మన ఊళ్ళో అంటారు, నీకు తెలియనిది కాదు.

ఇంట్లో వాడి చొక్కా ఒకటి ఇంకా తీగ మీదే ఉంది. తియ్యబుద్ధి కావడం లేదు.

నీ అమ్మ
న్యాలోంగ్వె


జోహన్నెస్‌బర్గ్
1998 మే 30

అమ్మా,

బస్సు డ్రైవరు కబురు ముందే అందింది. నీ ఉత్తరం మొన్న వచ్చింది. ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

నల్ల గుడ్డ ఒకటి, సబ్బులు ఆరు పంపుతున్నాను. నేనూ తల గొరిగించుకున్నాను. ముసలి అయ్యగారు చూసి ఏమిటి లూసీ ఇది అని అడిగారు. లుసుంగు అనడం ఆయనకి ఇప్పటికీ రాదు. చెప్పాను. ఆయన టోపీ తీసి కాసేపు అలాగే నిలబడ్డారు.

నా పని నీకు ముందే రాశాను కదా. ఇల్లు తుడవడం ఒకెత్తు, హాల్లో గోడంత పొడుగున్న ఎంబునా చేపల పెట్టె ఒకెత్తు. అద్దానికి పట్టిన నాచు గీకాలి. వారానికోసారి మూడో వంతు నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పొయ్యాలి. ఈ ఊరి నీళ్ళు వాటికి పడవని సున్నపురాళ్ళూ, సోడా ఉప్పూ వేస్తాం. అయినా ఒకసారి వేలు ముంచి నాకి చూశాను. మన నీళ్ళ రుచి లేదు. ఇప్పుడు వాటి ముందు నిలబడలేకపోతున్నాను అమ్మా. మేత వేసి మొహం తిప్పుకుంటున్నాను.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. గోతి మీద నువ్వన్న మాట... ఆ మనిషి చెడు కోరి అడక్కపోతే? ఏదో ముచ్చటపడి అడిగితే? అంత లోతున ఉంటుందని తెలియకపోతే? అలాంటివాళ్ళకి కూడా తగులుతుందా? ముసలి న్యాఖుండాని అడిగి రాయి. ఆవిడకి ఇలాంటివి తెలుసు.

నీ లుసుంగు


కావుంగా
1998 జూన్ 21

లుసుంగూ,

సబ్బులు అందాయి. గుడ్డ బాగుంది.

నీ ఉత్తరం న్యాఖుండాకి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. నిద్రపోయిందనుకున్నాను.

"ఒసేయ్ న్యాలోంగ్వె, నీ కూతురు ఎవర్నో వెనకేసుకొస్తోందే."

"ఎవర్ని?"

"ఎవరి ఉప్పు తింటోందో వాళ్ళని."

"ఛీ, నా కూతురు అలాంటిది కాదు."

"కాకపోతే చేప మీద కన్నేసినోడి కడుపు నిండితే ఎంత, ఎండితే ఎంత? దానికెందుకట?"

నాకు అప్పుడు వెలిగింది. ఆ ముసలాయనే. అద్దాల పెట్టె ఉన్నది వాడికి, మన రాళ్ళ చేపలంటే పిచ్చి వాడికి. నీ తమ్ముడు ఆ పని చేస్తాడని నువ్వు చెప్పి ఉంటావు. వాడు కంపెనీకి తెలియకుండా వీడికి ఆశ పెట్టి ఉంటాడు. నువ్వు దాస్తున్నావు. టోపీ తీశాడని రాశావే, తప్పు చేసినవాడు తియ్యడా మరి?

ఇంకో సంగతి విను. వాడు చేపల్ని పెట్టిన డ్రమ్ము నీళ్ళలోనే వేలాడుతూ ఉండిపోయింది. దినం అయ్యాక విన్‌ఫర్డ్ వెళ్ళి, తాడు పట్టుకుని, కోపం కొద్దీ ఒక్కసారిగా పైకి లాగేశాడు. తెచ్చి మన వాకిట్లో పెట్టాడు. రెండు చేపలు. పొట్టలు ఉబ్బి, కళ్ళు బయటికొచ్చి, చచ్చి ఉన్నాయి. నారింజ రెక్క నిజమే. నా చూపుడు వేలంత ఉన్నాయి, అంతే. నేను పక్కన చెయ్యి పెట్టి కొలిచాను. ఇంతదాని కోసమా! ఉసిపా ఎండబెట్టే తడికె మీద వేస్తే ఎవరూ ఏరుకోను కూడా ఏరుకోరు. విన్‌ఫర్డ్ వాటిని పిల్లికి వేస్తానన్నాడు. వద్దన్నాను. పెరట్లో పాతాను. ఎందుకు పాతానో తెలియదు.

నువ్వు ఆ ఇంట్లోంచి వచ్చెయ్యి. వచ్చేముందు ఆ పెట్టెలో నీళ్ళు గచ్చు మీద పారబొయ్యి. లేదంటే ఆయన పేరు రాయి, నేను గోతి దగ్గరికెళ్ళి పేరు పెట్టి అంటాను.

అమ్మ


జోహన్నెస్‌బర్గ్
1998 జూలై 12

అమ్మా,

ఆయన పేరు పెట్టి ఏమీ అనకు. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆయన ఏమీ అడగలేదు.

నేనడిగాను.

మొదటినుంచీ చెప్తాను. ఫిబ్రవరిలో పెట్టెలో ఒక ఆడ చేప మేత మానేసింది. దవడ ఉబ్బి ఉంది. అయ్యగారు కంగారుపడి మందు సీసా తెచ్చారు. నేను నవ్వాపుకోలేకపోయాను. "జబ్బు కాదు అయ్యగారూ, దాని నోట్లో పిల్లలున్నాయి. మూడు వారాలు అది ఏమీ తినదు" అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచారు. "నీకెలా తెలుసు?" అన్నారు. "మా వాకిట్లో నీళ్ళవి, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది" అన్నాను. మూడు వారాల తర్వాత నిజంగానే పిల్లలు బయటికొచ్చాయి. అప్పటినుంచీ ఆయన నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుని మాట్లాడేవారు. ఈ ఇంట్లో నాతో తుడుపు, కడుగు అని కాకుండా మాట్లాడింది ఆ ఒక్క విషయమే అమ్మా.

ఒకరోజు పుస్తకం తెరిచి అన్నీ ఇందులో ఉన్నాయన్నారు. చూశాను. మన కావుంగా రాళ్ళ దగ్గరి నారింజ రెక్క చేప లేదు. చిన్నప్పుడు గాలివాన తర్వాత ఒడ్డుకి కొట్టుకొచ్చేది, గుర్తుందా, ఏడాదికి ఒకటో రెండో. "మా ఊరి చేప ఇందులో లేదు" అన్నాను. ఆయన నవ్వి, "పుస్తకంలో లేదంటే లేనట్టే లూసీ" అన్నారు. ఎగతాళికి కాదు. కానీ నాకు ఒళ్ళు మండింది.

మార్చిలో తమ్ముడికి రాశాను. ఒక జత పట్టి కంపెనీ పెట్టెల్లో ఇక్కడి చేపల కొట్టుకి పంపరా, నేను వెళ్ళి తెచ్చుకుంటానని. అమ్మకి చెప్పకు, చేప కోసం ఉత్తరమేంటే అని తిడుతుందని కూడా రాశాను. ఆయనకి చూపించాలని ఉండింది, నిజం. కానీ అది ఒక్కటే కాదు. ఈ ఇంట్లో నాది అన్నది ఏమీ లేదు. పడుకునే మంచం కూడా వాళ్ళదే. మన నీళ్ళలోంచి వచ్చింది ఒకటి రోజూ కనపడితే బాగుండుననిపించింది. అంతే అమ్మా. ఇరవై అయిదు బారలని నాకేం తెలుసు? మోకాలి లోతు దాటి నేనెప్పుడన్నా దిగానా?

"సరే అక్కా, దొరికితే నీ అదృష్టం" అని రెండు ముక్కలు రాశాడు. ఆ కాగితం నా దగ్గర ఉంది.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. నోట్లో పెట్టుకుంటాను, నములుతాను, గొంతు దగ్గర ఆగిపోతుంది. టీ దిగుతుంది. నీ మాట వెతుక్కుంటూ వచ్చి సరైన మనిషికే తగిలింది. తప్పు పట్టడం లేదు. నీకు తెలియాలని రాశాను.

లుసుంగు


కావుంగా
1998 ఆగస్టు 2

నీ ఉత్తరం అందింది. చదివాను.

కర్రపెండలం తవ్వి నానబెట్టే రోజులు. పని ఉంది.

న్యాలోంగ్వె


జోహన్నెస్‌బర్గ్
1998 సెప్టెంబరు 6

అమ్మా,

ఇంకా నిన్ను అలా పిలవచ్చో లేదో తెలియదు. కింద అమ్మ అని రాయలేదు నువ్వు. మూడు ముక్కల ఉత్తరం మడిచి దిండు కింద పెట్టుకున్నాను.

పోయిన నెల గేటు దగ్గర పడిపోయాను. అయ్యగారు తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. గొంతులో దీపం పెట్టి చూశారు. "ఏమీ లేదమ్మా, శుభ్రంగా ఉంది" అన్నాడు డాక్టరు. ఉంది, మీకు కనపడదు అన్నాను. ఆయన అయ్యగారి వైపు చూశాడు. నర్సు మన వైపు పిల్లే. ఆమెకి మాత్రం అర్థమైంది. "ఎవరన్నారు?" అని చెవిలో అడిగింది. మా అమ్మ అన్నాను. ఆమె చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

అయ్యగారు రోజూ చారు కాచి తెస్తున్నారు. ఉప్పు వెయ్యడం రాదు పాపం. "తాగు లూసీ, నువ్వు పోతే ఈ నీళ్ళు మార్చేదెవరు, నా నడుం చూశావుగా" అంటారు. సగం కప్పు తాగుతాను. బట్టలన్నీ వదులయ్యాయి. పనిలోంచి పంపెయ్యమన్నాను, పంపడం లేదు.

నువ్వు పారబొయ్యమన్నావు కదా. ఒకరోజు ఆయన బయటికెళ్ళినప్పుడు గొట్టం తీసి పెట్టెలో వేసి, రెండో కొస వాకిట్లో పెట్టాను. నీళ్ళు సగానికి దిగాయి. చేపలన్నీ ఒక మూలకి చేరి నా వైపే చూశాయి. రోజూ మేత వేసే చెయ్యి కదా, పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. గొట్టం తీసేశాను. మళ్ళీ నీళ్ళు నింపాను. అవేం చేశాయి అమ్మా.

నేను ఇంటికి రాను. వచ్చి నీ ఎదురుగా ఏ మొహంతో కూర్చుంటాను? నాకు ఇక్కడేదన్నా అయితే ఇక్కడే పాతమని అయ్యగారికి చెప్పాను. వాడి పక్కన చోటు అడిగే హక్కు నాకు లేదు. మనకి ఇదే ఆఖరి ఉత్తరమైతే, నీకు దణ్ణం.

లుసుంగు


కావుంగా
1998 అక్టోబరు 4

లుసుంగూ,

ఈ ఉత్తరం ఇది మూడోసారి మొదలుపెట్టడం. రెండుసార్లు సగంలో చింపేశాను. ఈసారి ఎలా వస్తే అలా రాసి బస్సు డ్రైవరు చేతిలో పెట్టేస్తాను.

మొదటి ఉత్తరంలో నేనొక అబద్ధం రాశాను. చర్చి నుంచి వచ్చేసరికి వాడు వెళ్ళిపోయాడని రాశాను. వెళ్ళలేదు. ఇంట్లోనే ఉన్నాడు. చాప మీద పడుకుని ఉన్నాడు.

శుక్రవారం కూడా లోతుకి దిగాడట, ఆ చేప ఎక్కడుందో చూడటానికి. విన్‌ఫర్డ్ మొన్న చెప్పాడు. శనివారం పొద్దున భుజం నొప్పి, మోచెయ్యి నొప్పి అన్నాడు. చలిగాలి పట్టిందనుకుని రాయి వేడిచేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టాను. "గంపెడు కర్రపెండలం మోసే ఆడవాళ్ళం మేం మూలగడం లేదు, నీకేంట్రా" అన్నాను. ఆదివారం నేను వచ్చేసరికి, "ఇవాళ వెళ్ళనమ్మా, చెయ్యి లేవట్లేదు" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "విన్‌ఫర్డ్ మిషను అడిగి తెచ్చి పడవలో పెట్టుకుని ఎదురుచూస్తుంటే నువ్విక్కడ పొర్లుతావా? మాట ఇచ్చినప్పుడు లేదా ఈ నొప్పి? లే." లేచాడు. చొక్కా తీసి తీగ మీద వేసి వెళ్ళాడు. నా మీద విసుక్కోను కూడా లేదు.

లోతున తిరిగితే ఆ నొప్పి వస్తుందని, అది వచ్చాక మళ్ళీ దిగకూడదని, కంపెనీలో పాత మనుషులకి తెలుసట. నాకెవరు చెప్తారు? నీకెవరు చెప్తారు? అడిగినదానివి నువ్వు. పంపినదాన్ని నేను.

గోతి మీద నేనన్న మాటకి కళ్ళుంటే ముందు నన్నే పట్టుకోవాలి. పట్టుకోలేదు. నేను తింటున్నాను లుసుంగూ. పాతిపెట్టిన మర్నాడు కూడా తిన్నాను. చర్చి ఆడవాళ్ళు తెచ్చిన కర్రపెండలం కొండోవోలే ముద్ద, చేపల పులుసు. కొడుకుని మట్టిలో పెట్టి వచ్చి పులుసు బాగుందనుకున్నాను. సిగ్గు లేని కడుపు ఇది. నీకు మాత్రం అక్కడ ముద్ద దిగడం లేదు.

నీ సెప్టెంబరు ఉత్తరం న్యాఖుండాకి చదివాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"ఏం చేస్తావు?" అంది.

"ఏం చెయ్యమంటావు?"

"అన్నదానివి నువ్వే. తియ్యాల్సింది నువ్వే."

"నా నోరు రావట్లేదు."

"గోతి మీద వచ్చిందే మరి, లక్షణంగా వచ్చింది. ఇంకో బిడ్డని కూడా పంపించి, రెండు గోతుల మధ్య చాప వేసుకుని కూర్చో పో."

నేను ఆవిడని తిట్టాను. ఆవిడ నన్ను తిట్టింది. తర్వాత ఇద్దరం కలిసి వాడి దగ్గరికి వెళ్ళాం. దారిలో సరస్సు నీళ్ళు నోట్లో పట్టుకున్నాను. అక్కడ మట్టి మీద ఉమ్మాను. మన పెద్దవాళ్ళు అలాగే చేసేవారు. చర్చి పెద్ద కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు, చూసుకోనీ. "నేనన్నది నేనే వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. గాలి వీస్తోంది. ఏమీ అనిపించలేదు.

"అయిపోయిందా?" అన్నాను.

"ఎక్కడ అయింది? మట్టికి చెప్పావు. మనిషికి చెప్పాలి. తినమని ఆ పిల్లకి నీ నోటితో చెప్పాలి."

అది ఆగస్టులోనే చెప్పి ఉండాల్సింది. ఆ రోజు కాగితం ముందు పెట్టుకుని, ఆ ఒక్క మాట రాయలేక పొద్దుపోయేదాకా కూర్చున్నాను. చివరికి కర్రపెండలం సంగతి రాశాను. నువ్వు బతికి ఉండటం ఆ రోజు నాకు కష్టంగా ఉండింది. తల్లి రాయాల్సిన మాట కాదిది. కానీ ఇంకో అబద్ధం రాయలేను.

నిన్ను క్షమించానని రాయలేను. ఆ మాట నా దగ్గర ఇంకా లేదు, వెతికాను. నన్ను నేనూ క్షమించుకోలేదు, చావుదాకా ఆ పని జరగదు. వాడు తిరిగి రాడు. తీగ మీద చొక్కా ఎండకి రంగు పోయింది. ఇల్లు అలాగే ఉంది. నువ్వు వచ్చినా మనం ఏం మాట్లాడుకుంటామో నాకు తెలియదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూడలేక చెరో గోడ వైపు తిరిగి కూర్చుంటామేమో. అయినా రా. గోడలు రెండున్నాయి.

డ్రైవరు చేత ఒక గోనెసంచి పంపుతున్నాను. కొత్త కర్రపెండలం పిండి, నేనే దంచాను. అడుగున ఎండు ఉసిపా ఉంది. ఎసరు బాగా మరిగాక పిండి పొయ్యి, కొంచెం కొంచెంగా, నీకు ఎప్పుడూ తొందరే, ఉండలు కడుతుంది. మొదట్లో పలచగా కాచుకుని తాగు. నాలుగు రోజులు పోయాక ముద్ద చేసుకో. ఆ ముసలాయనకీ కొంచెం పెట్టు. ఆయన పేరు పెట్టి నేనేమీ అనలేదు, పేరు నాకు తెలియను కూడా తెలియదు.

రాసి సంతకం పెట్టేస్తున్నాను, లేకపోతే ఇదీ చింపేస్తాను.

మీ ఇద్దరి అమ్మ
న్యాలోంగ్వె

తిను లుసుంగూ. అన్నదాన్ని నేనే చెప్తున్నాను. రోజుకి రెండు పూటలా కూర్చుని, కడుపు నిండా తిను.